రీఇన్‌స్టాల్ చేస్తే పోతుందిలే అనే ముందు

లైనక్స్ ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉందని ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా ఒకటే: "ఫార్మాట్ కొట్టి మళ్ళీ వేసెయ్." నాకు ఈ సలహాతో ఎప్పటినుంచో పేచీ ఉంది. పనిచేయదని కాదు, ఒక్కోసారి చేస్తుంది కూడా. ఎందుకు పనిచేసిందో మాత్రం చెప్పినవాడికీ తెలియదు, చేసినవాడికీ తెలియదు. కొన్నాళ్ళకు అదే తంటా మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఫార్మాట్. రెండు మూడుసార్లు ఇలా అయ్యాక మనిషికి విసుగొచ్చి "లైనక్స్ అంటేనే ఇంత" అని తేల్చేసుకుంటాడు. అసలు కారణం తెలిపే ఆనవాళ్ళన్నీ ఆ ఫార్మాట్‌లోనే కొట్టుకుపోయి ఉంటాయి కాబట్టి అతను అన్నది తప్పని నిరూపించడానికి మన దగ్గర కూడా ఏమీ మిగలదు.

నేననేది ఇది. ఆన్ అవడానికి నిమిషాలు తీసుకునే లైనక్స్ ల్యాప్‌టాప్ ఆ నిమిషాలన్నీ కష్టపడి పనిచేస్తోందని అనుకోకండి. చాలాసార్లు అది ఊరికే కూర్చుని ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. ఆన్ అయ్యాక కిటికీలు ఈడ్చుకుంటూ కదులుతున్నాయంటే అది ఇంకో సంగతి: బొమ్మ గీయాల్సిన గ్రాఫిక్స్ చిప్పు ఖాళీగా ఉంది, ఆ చాకిరీ ప్రాసెసర్ నెత్తిన పడింది. ఈ రెండిటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండాల్సిన పని లేదు. మనం మాత్రం రెండిటినీ కలిపి "స్లో" అని ఒకే మూట కట్టేస్తాం, ఆ మూట మీద ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ కుమ్మరిస్తాం.

మా మేనకోడలి ల్యాప్‌టాప్ దీనికి మంచి ఉదాహరణ. బీటెక్ చదువుతోంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది: ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, దాంతోపాటు ఎన్విడియా ఎంఎక్స్150 కార్డు. హాస్టల్లో ఒక సీనియర్ లైనక్స్ మింట్ వేసిపెట్టాడు. పవర్ బటన్ నొక్కాక పాస్‌వర్డ్ అడగడానికి దాదాపు మూడు నిమిషాలు. యూట్యూబ్ పెడితే ఫ్యాను రయ్యిమని మోత. బ్రైట్‌నెస్ మీటలు పనిచేయవు. సెమినార్ రోజున ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే ఏమీ రాలేదట, పక్కవాళ్ళ ల్యాప్‌టాప్ అడుక్కోవాల్సి వచ్చింది. ఒక రిపేరు షాపులో చూపిస్తే మదర్‌బోర్డు వీక్ అయిందన్నారు. మదర్‌బోర్డు వీక్ అవడం అంటే ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

"మామయ్యా, లైనక్స్ వేస్తే ఫాస్ట్ అవుతుందన్నారు కదా, ఇదేంటి ఇలా తగలడింది?" అని తెచ్చి నా ముందు పెట్టింది.

ఇలాంటప్పుడు మొట్టమొదట చేయాల్సింది ఆ అందమైన లోగోను పక్కకు తప్పించడం. ఈ రోజుల్లో డిస్ట్రోలు (మింట్, ఉబుంటు లాంటి లైనక్స్ రకాలు) చాలావరకు బూట్ అయ్యేటప్పుడు ఒక బొమ్మ చూపించి, దాని వెనకాల జరిగేదంతా దాచేస్తాయి. లైనక్స్‌ని లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ సెట్టింగుల్లో 'క్వైట్ స్ప్లాష్' అని ఉండే రెండు మాటల పని అదే. బొమ్మ కనబడుతున్నప్పుడు ఎస్కేప్ మీట నొక్కితే తెర మీద అసలు కథ నడుస్తుంటుంది. ఈ ల్యాప్‌టాప్‌లో కనబడింది చూడండి: ఎడమవైపు చిన్న బ్రాకెట్‌లో ఎర్ర చుక్కలు అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి, పక్కన 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ ఫర్' అని, ఆ తర్వాత ఒక డిస్క్ పార్టిషన్ తాలూకు చాంతాడంత నంబరు, చివర్లో గడియారం. 40 సెకన్లు, 41, 42 అని అది పెరుగుతోంది. దాని పక్కనే గడువు రాసి ఉంది: 1 నిమిషం 30 సెకన్లు.

దీనికి మించిన ఆధారం ఇంకేం కావాలి? ఫలానావాడి కోసం ఇంతసేపు చూస్తాను, రాకపోతే నా దారిన నేను పోతాను అని యంత్రం మొహం మీదే చెబుతోంది. రాని చుట్టం కోసం పెళ్ళివారి బస్సును సెంటర్లో ఆపినట్టుంది వ్యవహారం. ఇంజను మార్చినా టైర్లు మార్చినా ఆ బస్సు ముందుగా బయల్దేరదు.

పైకి వచ్చాక టెర్మినల్లో సిస్టమ్‌డీ-ఎనలైజ్ (బూట్‌లో సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీ తాలూకు లెక్కల కమాండ్) అని కొడితే పద్దు వచ్చింది. ఫర్మ్‌వేర్ 11 సెకన్లు, లోడర్ 6, కెర్నెల్ 37, యూజర్‌స్పేస్ 2 నిమిషాల 4 సెకన్లు. ఈ నాలుగింటినీ విడివిడిగా చూడటం అలవాటు చేసుకోవాలి. ఫర్మ్‌వేర్ అంటే లైనక్స్ ఇంకా మొదలే కాలేదు, ల్యాప్‌టాప్ కంపెనీ లోగో చూపిస్తున్న సమయం అది. లోడర్ అంటే గ్రబ్, అక్కడ మెనూ కనబడే కొద్ది సెకన్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కెర్నెల్ అంటే లైనక్స్ గుండెకాయ, యూజర్‌స్పేస్ అంటే దాని మీద నడిచే సర్వీసులూ డెస్క్‌టాపూ. కెర్నెల్‌కి 37 సెకన్లు అంటే మాత్రం అనుమానపడాలి. హార్డ్ డిస్క్ మీదైనా అది పది సెకన్ల లోపు ముగించాల్సిన పని.

చాలామంది ఇక్కడినుంచి నేరుగా 'బ్లేమ్' అనే ఉపకమాండ్‌కి వెళ్తారు. ఏ సర్వీసు ఎంత సమయం తీసుకుందో పెద్దది పైన, చిన్నది కింద పెట్టి అది జాబితా ఇస్తుంది. పేరు చూసి మోసపోయేది ఇక్కడే. సిస్టమ్‌డీ చాలా సర్వీసులను ఒకేసారి మొదలుపెడుతుంది. అందులో ఒకటి 20 సెకన్లు తీసుకుందంటే దానివల్ల బూట్ 20 సెకన్లు ఆలస్యమైందని అర్థం కాదు, దాని కోసం ఎవరూ ఆగకపోయి ఉండొచ్చు. జాబితా పైన తరచూ కనబడే ప్లిమత్-క్విట్-వెయిట్‌నే తీసుకోండి. ఆ బూట్ లోగోను ఎప్పుడు తీసేయాలా అని చివరిదాకా కాచుకుని కూర్చోవడమే దాని ఉద్యోగం. బూట్ ఎంతసేపు పడితే అదీ అంతసేపూ కూర్చుంటుంది. అదే దోషి అనుకుని దాన్ని ఆపేసి, "ఒక్క సెకను కూడా తగ్గలేదేంటి" అని తల పట్టుకున్నవాళ్ళను చూశాను.

ఇంకా విచిత్రం ఏమిటంటే మేనకోడలి ల్యాప్‌టాప్‌లో ఆ 90 సెకన్ల దోషి బ్లేమ్ జాబితాలో లేనే లేడు. ఎందుకుంటాడు? ఆ పార్టిషన్ అసలు రానేలేదు. వచ్చినవాళ్ళు ఎంత ఆలస్యంగా వచ్చారో రాసుకునే పుస్తకంలో, రానివాడి పేరు ఉండదు. అది కనబడేది సిస్టమ్ జరిగిందంతా రాసుకునే జర్నల్లో. దాన్ని చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌ని ఈ బూట్‌కి మాత్రమే పరిమితం చేసి చదివితే 'టైమ్డ్ ఔట్ వెయిటింగ్ ఫర్ డివైస్' అని ఒక లైను, దాని కిందే స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) ఎక్కలేదని ఇంకో లైను ఉన్నాయి.

కథ అర్థమైపోయింది. సీనియర్ మింట్ వేసేటప్పుడు స్వాప్‌కి విడిగా ఒక పార్టిషన్ కేటాయించాడు. తర్వాత సైబర్ సెక్యూరిటీ నేర్చుకుందామని స్నేహితురాళ్ళంతా కూడి పక్కనే ఇంకో డిస్ట్రో వేసుకున్నారు, కొన్నాళ్ళకు నచ్చక తీసేశారు. రెండో డిస్ట్రో ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు డిస్క్ మీద స్వాప్ కనబడితే దాన్ని మళ్ళీ ఫార్మాట్ చేసుకోవడం మామూలే. ఫార్మాట్ చేస్తే దాని యూయూఐడీ, అంటే ఆ పార్టిషన్ గుర్తింపు నంబరు, మారిపోతుంది. మింట్ మాత్రం ఏయే పార్టిషన్లు ఎక్కించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో పాత నంబరే రాసుకుని, ప్రతి ఉదయం ఆ పాత నంబరు కోసం 90 సెకన్లు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. కెర్నెల్ దశలో పోయిన అరనిమిషం కూడా దీని పుణ్యమే. హైబర్నేట్ చేసిన సెషన్ ఏమైనా స్వాప్‌లో ఉందేమో చూడమని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోనూ (కెర్నెల్‌తోపాటు మొదట ఎక్కే చిన్న సిస్టమ్) అదే పాత నంబరు కూర్చుని ఉంది. అక్కడ ఓ 30 సెకన్లు చూసి విసిగిపోతుంది. మింట్ ఉన్న ఉబుంటు కుటుంబంలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో గడిచే సమయం కెర్నెల్ పద్దులోకే వెళ్తుంది కాబట్టి, చూసేవాడికి కెర్నెలే బద్ధకిస్తున్నట్టు కనిపిస్తుంది.

బ్లాక్ఐడీ కమాండ్ ఇచ్చి స్వాప్ అసలు నంబరు తెలుసుకుని, దాన్ని ఎఫ్‌స్టాబ్‌లోనూ, హైబర్నేట్ కోసం ఉండే రెజ్యూమ్ ఫైల్లోనూ సరిదిద్ది, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నడిపాం. అంతే. కెర్నెల్ 7 సెకన్లకు, యూజర్‌స్పేస్ 34 సెకన్లకు దిగాయి. రెండు నిమిషాలు మాయం. ఒక్క ప్రోగ్రామ్ తీసేయలేదు, ఒక్క సర్వీసు ఆపలేదు.

ఇక్కడ కొందరు ఇంకో చిట్కా చెబుతారు: ఆ 90 సెకన్ల గడువునే 10కి తగ్గించెయ్, గొడవ వదిలిపోతుంది అని. సిస్టమ్‌డీ కాన్ఫిగరేషన్‌లో ఒక లైను మారిస్తే అది సాధ్యమే. నాకు నచ్చదు. 90 సెకన్లనేది ఎవరో తోచక పెట్టిన అంకె కాదు. నిజంగానే ఆలస్యంగా మేలుకునే డిస్కులు ఉంటాయి. సర్వర్‌లో ఓపిక అవసరమైన సర్వీసులు ఉంటాయి. గడువు కుదిస్తే లేని పార్టిషన్ సంగతి దాగిపోతుంది, ఉన్న డిస్క్ ఏదో ఒకరోజు 12 సెకన్లకు లేస్తే ఆ రోజు ఇంకో సమస్య మొదలవుతుంది. బయటి హార్డ్ డిస్క్‌ని ఎఫ్‌స్టాబ్‌లో రాసుకున్నవాళ్ళు దాని ఒక్కదానికే 'నోఫెయిల్' (రాకపోయినా ఆగిపోవద్దనే మాట) జతచేసి, గడువు కూడా దాని ఒక్కదానికే తగ్గించుకోవచ్చు. ముఖ్యంగా నోఫెయిల్ మరిచిపోవద్దు. స్వాప్ రాకపోతే సిస్టమ్ ఎలాగో పైకి వస్తుంది కానీ, మామూలు పార్టిషన్ రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్ళి నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడుగుతుంది. పరీక్ష ముందురోజు అది చూస్తే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

బూట్ సమయాన్ని ఎలా చూడాలో నాకు నచ్చిన పాఠం 2008 నాటిది. ఆ సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన లైనక్స్ ప్లంబర్స్ కాన్ఫరెన్స్‌లో ఇంటెల్ ఇంజనీర్లు ఆర్జాన్ వాన్ డి వెన్, ఆకె కాక్ ఒక ఈఈఈ పీసీని 5 సెకన్లలో బూట్ చేసి చూపించారు. అది చౌకరకం చిన్న నెట్‌బుక్. ఉన్నదాన్ని కొద్దికొద్దిగా గీకి తగ్గించే పద్ధతి వాళ్ళది కాదు. ముందే బడ్జెట్ వేసుకున్నారు: కెర్నెల్‌కి 1 సెకను, తొలి సర్వీసులకు 1, గ్రాఫిక్స్ సర్వర్‌కి 1, డెస్క్‌టాప్‌కి 2. పూర్తవడం అంటే డెస్క్‌టాప్ బొమ్మ కనబడటం కాదు, సీపీయూ, డిస్క్ రెండూ పని ముగించుకుని ఖాళీగా ఉండటం అని షరతు కూడా పెట్టుకున్నారు. ఏ దశకు ఎంత ఇచ్చాం, అది ఎంత తినేసింది అని అడిగితేనే ఈ లెక్క తెగుతుంది. సిస్టమ్‌డీ వచ్చింది ఆ తర్వాత 2010లో. పాత ఇనిట్ స్క్రిప్టులు ఒకదాని వెనక ఒకటి వరసలో నడిచే రోజులకు అలవాటుపడ్డ పెద్దమనుషులు సిస్టమ్‌డీని తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. వాటిలో కొన్ని న్యాయమైనవే. కానీ ఎవరి కోసం ఎవరు ఎంతసేపు ఆగారో ఇంత వివరంగా చెప్పే సాధనం మామూలు వాడుకరి చేతికి వచ్చింది మాత్రం దానివల్లే.

ఇక రెండో మూట. మూడు నిమిషాల బూట్ ఒక నిమిషంలోపుకి వచ్చాక మేనకోడలు సంబరపడిపోయింది కానీ యూట్యూబ్ పెడితే ఫ్యాను మోత అలాగే ఉంది. ఉండక ఏం చేస్తుంది? మనం ముట్టుకున్నది అటువైపు కాదు కదా.

గ్రాఫిక్స్ విషయంలో అందరినీ పట్టి పల్లార్చే భ్రమ ఒకటుంది: తెర మీద బొమ్మ వస్తోంది కాబట్టి డ్రైవర్ పనిచేస్తున్నట్టే అని. బొమ్మ రావడానికి డ్రైవర్ అక్కర్లేదు. ఫర్మ్‌వేర్ ఇచ్చిపోయిన ఫ్రేమ్‌బఫర్ (తెర బొమ్మ ఉండే మెమరీ) మీద ప్రాసెసరే చుక్క చుక్కగా లెక్కగట్టి గీసేయగలదు. మెసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలో ఆ పని చేసే భాగం పేరు ఎల్ఎల్‌వీఎంపైప్. జీఎల్ఎక్స్‌ఇన్ఫో కమాండ్‌ని 'బీ' ఆప్షన్‌తో కొట్టి, రెండరర్ అన్న చోట ఏముందో చూడండి. మీ ఇంటెల్ చిప్పు పేరో ఏఎండీ పేరో ఎన్విడియా పేరో ఉంటే సరే. ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే మీ డెస్క్‌టాప్‌లో కిటికీ నీడ దగ్గర్నుంచి ప్రతిదీ ప్రాసెసర్ చేతిపనే. మా మేనకోడలి ల్యాప్‌టాప్‌లో సరిగ్గా అదే ఉంది.

ఎందుకని వెతికితే కెర్నెల్‌కి అందిన పారామీటర్లలో జవాబు దొరికింది: నోమోడ్‌సెట్. ఎన్విడియా కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌ల మీద ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడి ఆగిపోవడం కొత్త సంగతేం కాదు. అప్పుడు నోమోడ్‌సెట్ పెట్టి గట్టెక్కమని ప్రతి గైడులోనూ రాసి ఉంటుంది. సీనియర్ అలాగే గట్టెక్కాడు. గట్టెక్కాక దాన్ని తీసేయకుండా, మళ్ళీ ఎక్కడ ఆగిపోతుందోనని గ్రబ్ ఫైల్లో శాశ్వతంగా రాసేసి చేతులు దులుపుకున్నాడు.

నన్నడిగితే లైనక్స్ సలహాల్లో ఇంత అరకొరగా చెప్పేది ఇంకొకటి లేదు. నోమోడ్‌సెట్ అంటే, తెర రిజల్యూషన్‌నీ మోడ్‌నీ నిర్ణయించే పని కెర్నెల్లోని గ్రాఫిక్స్ డ్రైవర్లు తీసుకోవద్దని ఆంక్ష పెట్టడం. ఆ ఆంక్ష ఎన్విడియాకే పరిమితం కాదు. ఇలాంటి ల్యాప్‌టాప్‌లో తెర నిజానికి ఇంటెల్ చిప్పుకి తగిలించి ఉంటుంది. దాని డ్రైవర్ ఐ915 కెర్నెల్‌తోపాటే వస్తుంది, దానికి వేరే ఇన్‌స్టాల్ చేయాల్సిందేమీ లేదు. నోమోడ్‌సెట్ పెడితే ఆ నిక్షేపంలాంటి ఇంటెల్ డ్రైవర్ కూడా మూలన కూర్చుంటుంది. బ్రైట్‌నెస్ మీటలు పనిచేయకపోవడం, హెచ్‌డీఎంఐ తెర గుర్తుపట్టకపోవడం, యూట్యూబ్‌కే ప్రాసెసర్ సలసలా కాగిపోవడం, ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలు. గొడవ పెడుతున్నది ఎన్విడియా కార్డుల కోసం బయటివాళ్ళు రాసిన నూవో డ్రైవర్ అయినప్పుడు దాన్ని ఒక్కదాన్నే ఆపే పారామీటర్ ఉంది: నూవో.మోడ్‌సెట్ ఈక్వల్ టు సున్నా. అది పెట్టి, నోమోడ్‌సెట్ తీసేసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేస్తే రెండరర్ దగ్గర ఇంటెల్ యూహెచ్‌డీ 620 పేరు ప్రత్యక్షమైంది. బ్రైట్‌నెస్ మీట నొక్కి వెలుతురు తగ్గుతుంటే మేనకోడలు అదేదో కొత్త ఫీచర్ వచ్చినట్టు పదిసార్లు పైకీ కిందకీ ఆడించింది.

ఇంతకీ మింట్ ఈ సంగతి ఆమెకు చెప్పకుండా దాచిందా అంటే అదీ లేదు. సినమన్ డెస్క్‌టాప్ వీడియో యాక్సిలరేషన్ లేకుండా నడుస్తున్నప్పుడు మూలన ఒక నోటీసు చూపిస్తుంది. అడిగాను.

"అది రోజూ వస్తుంది మామయ్యా. క్రాస్ కొట్టేస్తాను."

ఇందులో ఆ పిల్లను తప్పుపట్టడానికి ఏముంది? నోటీసు జరిగింది చెప్పింది కానీ ఎందుకు జరిగిందో, ఏం చేయాలో చెప్పలేదు. గ్రబ్‌లో నోమోడ్‌సెట్ ఉందన్న సంగతి అదే కంప్యూటర్‌కి తెలుసు. రెండిటినీ కలిపి ఒక్క వాక్యం రాయడం అంత కష్టమైన పని కాదు. "మామూలు మనిషికి ఈ జర్నల్స్, ఎఫ్‌స్టాబ్‌ల గోల ఎందుకయ్యా" అని నాతో వాదించేవాళ్ళకు నేను ఇచ్చే మార్కులు ఇక్కడే. అవసరం ఉండకూడదు, నిజమే. స్వాప్ 90 సెకన్లపాటు రాలేదని సిస్టమ్‌కి తెలిసినప్పుడు, లాగిన్ అయ్యాక ఒక పెట్టెలో ఆ మాట చెప్పి, సరిచేయనా అని అడగొచ్చు. లోగో బొమ్మను మెరుగుపెట్టడంలో చూపించే శ్రద్ధలో పావు వంతు దీని మీద పెడితే చాలు. కానీ అది వచ్చేవరకు, తెర మీద ఉన్న లైను చదవడానికి బదులు డిస్క్ మొత్తం చెరిపేయడమే మామూలు మనిషికి సులువు అన్న వాదన మాత్రం నేను ఒప్పుకోను. ఫార్మాట్ చేసి మళ్ళీ వేస్తే ఆ సీనియర్ మళ్ళీ నోమోడ్‌సెట్‌తోనే వేసేవాడు.

ఎన్విడియా సంగతి మాట్లాడకుండా ఈ ముచ్చట పూర్తవదు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఆ కంపెనీకి మధ్యవేలు చూపించిన వీడియో అందరికీ తెలుసు. దాన్ని మీమ్‌గా పంచుకునేవాళ్ళలో చాలామందికి తర్వాత ఏం జరిగిందో తెలియదు. నూవో అనేది ఎన్విడియా సాయం లేకుండా బయటివాళ్ళు కార్డుల ప్రవర్తన చూసి రాసుకున్న డ్రైవర్. 2010లో 2.6.33 కెర్నెల్లోకి వచ్చింది. 2014లో వచ్చిన మాక్స్‌వెల్ రెండో తరం కార్డులనుంచి ఎన్విడియా తన సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌నే కార్డు ఒప్పుకునేలా చేసింది. దాంతో కార్డు వేగాన్ని అవసరాన్ని బట్టి పెంచే వీలు నూవోకి పోయింది. కార్డు ఆన్ అయినప్పుడు ఏ తక్కువ వేగంలో ఉందో అక్కడే ఉండిపోతుంది. 2022 మే నెలలో ఎన్విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ళ (కెర్నెల్లో చేరే డ్రైవర్ ముక్కల) సోర్స్ కోడ్ బయటపెట్టింది, మంచిదే, కానీ అది ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకే. ఎంఎక్స్150 ట్యూరింగ్‌కి ముందున్న పాస్కల్ తరానిది. అటు నూవో దాన్ని వేగంగా నడపలేదు, ఇటు కొత్త ఓపెన్ మాడ్యూళ్ళు దాన్ని దగ్గరకు రానివ్వవు. కంపెనీ సొంత డ్రైవర్లలో కూడా 580 సిరీసే పాస్కల్‌కి ఆఖరిది. సెకండ్ హ్యాండ్‌లో మన పిల్లల చేతికి వస్తున్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఈ మధ్యలో చిక్కుకుపోయిన తరానివే కావడం నాకు మింగుడుపడని విషయం.

అందుకే, కార్డు ఉంది కదా అని డ్రైవర్ వేసేయాలన్న తొందర నాకు లేదు. మేనకోడలు చేసేది జావా ప్రోగ్రాములు, బ్రౌజర్, అప్పుడప్పుడు సినిమా. దానికి ఇంటెల్ చిప్పు చాలు, మిగులు. పైగా వాడనప్పుడు కార్డు పూర్తిగా నిద్రపోయే సదుపాయం ఎన్విడియా డ్రైవర్లో ట్యూరింగ్‌నుంచే ఉంది. పాస్కల్ కార్డుని ఆన్-డిమాండ్ (అడిగినప్పుడే కార్డు వాడే) మోడ్‌లో పెడితే పని లేకపోయినా మెలకువగా ఉండి బ్యాటరీ తింటుంది. ఏ చిప్పు వాడాలో నిర్ణయించే ప్రైమ్-సెలెక్ట్‌లో ఇంటెల్ ఎంచుకుంటేనే నయం. ఎన్విడియా కార్డు చేత లెక్కలు చేయించే సీయూడీఏ నేర్చుకోవాలి, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు చేయాలి అంటే అప్పుడు కంపెనీ డ్రైవర్ తప్పదు. అప్పుడైనా డ్రైవర్ మేనేజర్లోంచే వేయండి. ఎన్విడియా సైట్లో దొరికే రన్ ఫైల్ దించి వేస్తే ప్యాకేజీ మేనేజర్‌కి దాని సంగతే తెలియదు. కెర్నెల్ మారిన రోజున అది కొత్త కెర్నెల్‌తో కలవక, నల్ల తెర ముందు కూర్చోవాల్సి రావచ్చు.

సరిగ్గా వేసినా పనిచేయకపోతే ముందు చూడాల్సింది సెక్యూర్ బూట్. అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నెల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం రంగు తెర వచ్చి, ఏదో ఒక మీట నొక్కమని 10 సెకన్లు లెక్కపెడుతుంది. అది మోక్ మేనేజర్. అక్కడ 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ 10 సెకన్లలో మనిషి టీ తెచ్చుకోవడానికి లేచివెళ్తాడు, లేదా నీలం తెర చూసి భయపడి కంటిన్యూ కొట్టేస్తాడు. డ్రైవర్ ఎక్కదు. ఇక అక్కడినుంచి డ్రైవర్ తీసేయడం, మళ్ళీ వేయడం, వెర్షన్ మార్చడం, చివరికి ఎవరో ఒకరు సెక్యూర్ బూటే ఆపేయమనడం. ఆపేస్తే పని జరుగుతుంది, కాదనను. ఆ నీలం తెరకు జవాబివ్వడం మాత్రం అంతకన్నా చిన్న పని. ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని 'కే' ఆప్షన్‌తో కొడితే ఏ కార్డుకి ప్రస్తుతం ఏ డ్రైవర్ పట్టుకుని ఉందో ఒక్క లైనులో చెబుతుంది. ఎన్విడియా కార్డు కింద ఆ లైనే లేకపోతే సంగతి తేలినట్టే.

చిట్కాల జాబితాల మీద నాకున్న కోపానికి ఇంకో కారణం కూడా ఉంది, అది కాస్త చరిత్ర. ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటిని లైనక్స్‌లో ఆడించడానికి బంబుల్‌బీ అనే ప్రాజెక్టు ఉండేది. 2011లో దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక్క స్పేస్ ఎక్కువ పడింది. ఒక ఉపఫోల్డర్‌ని తుడిచేయాల్సిన ఆర్ఎం కమాండ్ ఆ స్పేస్ వల్ల యూఎస్ఆర్ ఫోల్డర్ మొత్తాన్నీ ఊడ్చేసింది. సిస్టమ్ అంతా ఉండేది అందులోనే. రాసినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాశారు, తెలియగానే దిద్దారు కూడా. ముందు సూడో (సర్వాధికారాలూ ఇచ్చే మాట) తగిలించిన లైనుని కాపీ చేసి పేస్ట్ చేసే ప్రతిసారీ నాకు ఆ స్పేస్ గుర్తొస్తుంది. ఇప్పుడు కొత్తగా ఏఐ చాట్‌బాట్లు వచ్చాయి. అవి ఉబుంటు కమాండ్లూ ఫెడోరా కమాండ్లూ కలిపి వండి వడ్డించడం చూశాను. వాటిని వాడొద్దనను. ఏ కమాండ్ కొట్టాలి అని అడిగే బదులు, నా జర్నల్లో ఉన్న ఈ లైనుకి అర్థమేంటి అని అడిగితే చాలా మేలైన జవాబులు వస్తున్నాయి.

అన్నీ చక్కబడ్డాక మిగిలిన ఆ 34 సెకన్ల యూజర్‌స్పేస్ మాత్రం నిజమైన నెమ్మదితనమే. నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ అంతకన్నా వేగంగా చిన్న చిన్న ఫైళ్ళు అందించలేదు. స్వాపీనెస్ విలువ మార్చినా, యానిమేషన్లు ఆపినా, ప్రీలోడ్ వేసినా ఆ ముల్లు పరిగెత్తదు. ఇక్కడ డబ్బు ఖర్చుపెట్టాల్సిందే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌కి వెళ్ళి ఒక సాటా ఎస్ఎస్‌డీ కొనుక్కొచ్చాను. పాత డిస్క్ మీదున్న సిస్టమ్‌ని అలాగే క్లోన్ చేసి ఎక్కించాం, క్లోన్ చేసినప్పుడు యూయూఐడీలు కూడా అవే వస్తాయి కాబట్టి ఎఫ్‌స్టాబ్ ముట్టుకోవాల్సిన పని పడలేదు. పాత డిస్క్‌ని మాత్రం క్లోన్ అవగానే ఊడదీశాం, ఒకే నంబరుతో రెండు పార్టిషన్లు ఒకే మెషీన్లో ఉంటే ఏది దేనికి ఎక్కుతుందో చెప్పలేం.

ఫర్మ్‌వేర్ 11 సెకన్ల దగ్గర మా పప్పులు పెద్దగా ఉడకలేదు. బయోస్‌లో నెట్‌వర్క్ బూట్ ఆపేస్తే 3 సెకన్లు తగ్గింది. మిగతా 8 సెకన్లూ కంపెనీ లోగోనే.